వన్నూరప్ప రక్తం ఎంత చిక్కన

అది 1957, ఎండాకాలం. రాజధాని కర్నూలును వదిలి హైదరాబాదుకు పోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. గుడారాల్లో నడిచిన ఆఫీసులు మాయమయ్యాయి. అద్దె ఇళ్లు ఖాళీ పడ్డాయి. ఎవరిని కదిలించినా ఒకటే మాట: "అన్నీ ఎత్తకపోయినారు, ఎండ మాత్రం మనకు ఇడిచిపెట్టినారు." ఆ ఎండలో, తుంగభద్రకు కాస్త దూరంలో ఉన్న ఒక ఆస్పత్రిలో నేను లాబ్ టెక్నీషియన్‌ను. ఆస్పత్రి పేరుతో ఇక్కడ పని లేదు.

నాది వేంపల్లె. మా నాయన పప్పుదినుసుల అంగడి నడిపేవాడు. నేను ఫిజిక్స్ చదివి, మద్రాసులో లాబ్ పని నేర్చుకుని ఆ ఉద్యోగంలో చేరాను. "శెట్టిగారి కూతురు ఊరోళ్ల నెత్తురు చూసుకుంటా కూచుంటాదంట" అని మా వీధిలో నవ్వారు. నవ్వుకోనిమ్మని బస్సెక్కాను. ఆ నవ్వు నాకు మేలే చేసింది. తర్వాత ఎవరు నవ్వినా పెద్దగా తగల్లేదు.

మా లాబ్ పెద్ద డాక్టర్ సుబ్బారావు గారు. పాథాలజిస్టు, అంటే రక్తమూ కండా పరీక్షించి జబ్బు ఏమిటో తేల్చే డాక్టరు. కోస్తా మనిషి. మాట తక్కువ, అనుమానం ఎక్కువ. నేను ఏ రిపోర్టు పట్టుకెళ్లినా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "మళ్లీ చెయ్యమ్మా" అనేవారు. ఒకసారి విసుగొచ్చి, "సార్, మీరు నన్ను ఎప్పుడు నమ్ముతారు?" అని అడిగేశాను. "నమ్మడానికి నాకు జీతం ఇవ్వట్లేదమ్మా, అనుమానించడానికే ఇస్తున్నారు" అన్నారు. కోపం వచ్చింది, కానీ మాట బాగుందనిపించింది.

వన్నూరప్ప మా ఆస్పత్రికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆలూరు దగ్గర ఒక పల్లె. కొర్రలు, పత్తి పండించుకునే రైతు. నిలువెత్తు మనిషి, కానీ భార్య భుజం మీద చెయ్యి వేసుకుని తడుముకుంటూ నడిచి వచ్చాడు. కొన్ని నెలలుగా చూపు మసకబారుతోంది. చిగుళ్ల నుంచీ ముక్కు నుంచీ రక్తం కారుతోంది. కూర్చున్నచోటే మత్తుగా వాలిపోతున్నాడు. నడిస్తే తూలుతున్నాడు.

చూపు పోవడం, మత్తు, తూలడం. అప్పట్లో ఈ మూడూ కలిస్తే మా సూపరింటెండెంటు గారికి ఒకటే తోచేది. మద్యనిషేధం ఉన్న రోజులవి. దొంగసారాలో స్పిరిటు కలిపి అమ్మేవాళ్లు, అది తాగి కళ్లు పోయినవాళ్లు వార్డులకు వచ్చేవాళ్లు. ఆయన అలాంటివాళ్లను ఎందరినో చూశారు, కొందరిని కాపాడారు కూడా. అందుకే మంచం పక్కన ఎక్కువసేపు నిలబడలేదు. కేస్ షీట్ మీద కల్తీ సారా అని రాయించి, రూలు ప్రకారం పోలీసులకు కబురు పంపించారు.

అతని భార్య పేరు హనుమక్క. కల్తీ సారా అన్న మాట ఆమె చెవిన పడ్డప్పుడు నేను వార్డులోనే ఉన్నాను, రక్తం తీయడానికి వెళ్లి. ఆమె లేచి నిలబడింది.

"ఏం సామీ, నా మొగుడు తాగినాడని నీకు ఎవరు చెప్పినారు?"

"చెప్పేదేముందమ్మా, కనబడుతోంది కదా."

"కండ్లు పోయింది ఆయప్పవి. నీవి బాగనే ఉండాయి గదా, సరిగ్గా చూడు. తాగినోని వాసన పెండ్లానికి తెలీకుండా యాడికి పోతాది? ఆయప్ప మజ్జిగ తప్ప ఇంకోటి తాగినోడు కాదు."

సూపరింటెండెంటు గారు పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు. హనుమక్క నా వైపు తిరిగింది. "పాపా, ఆ నెత్తురులో సారాయి ఉంటే నీకు తెలుస్తాదా?"

"చూస్తానక్కా" అన్నాను.

సూది గుచ్చాను. రక్తం రాలేదు. నరం తప్పిందేమో అనుకున్నాను. తప్పలేదు. సిరంజి లాగుతుంటే నెత్తురు మొండికేసినట్టు నెమ్మదిగా, బంకగా వచ్చింది. గాజుపలక మీద పూసి మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రకణాలు విడివిడిగా లేవు, అప్పడాలు దొంతర పేర్చినట్టు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపుపచ్చని తేటను సీరం అంటాం. ఆ తేట ఒక చుక్క స్వచ్ఛమైన నీళ్లలో వేస్తే విరిగిన పాలలా తెల్లగా కిందికి దిగింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి సీరం అలా విరగదు.

సుబ్బారావు గారు అన్నీ చూశారు. కళ్లద్దాలు నుదుటి మీదికి పోలేదు. అప్పుడే అర్థమైంది ఇది మామూలు కేసు కాదని.

"మాక్రోగ్లోబులినీమియా అని ఒక జబ్బు ఉందమ్మా. కొద్ది ఏళ్ల కిందటే పేరు పెట్టారు. రక్తంలో ఒక పెద్ద ప్రోటీను అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది. రక్తం పాకంలా చిక్కబడుతుంది. కంట్లో సన్నటి నాళాల్లో కదలదు, మెదడులో కదలదు. అందుకే మసక, అందుకే మత్తు. నేను చదివానే గానీ చూడలేదు."

"మరి సూపరింటెండెంటు గారికి చెప్దామా సార్?"

"ఏమని? నీళ్లలో చుక్క వేస్తే తెల్లబడిందనా? ఎంత చిక్కగా ఉందో అంకె కావాలి. విస్కాసిటీ తియ్యి."

విస్కాసిటీ అంటే చిక్కదనం. నీళ్లు గబగబా కారతాయి, ఆముదం నింపాదిగా కారుతుంది. ఆ తేడాను అంకెలో చెప్పడమే ఈ పరీక్ష. దానికి యు ఆకారంలో వంచిన సన్నటి గాజుగొట్టం ఉంటుంది, విస్కామీటరు. ఒక కొమ్మలో చిన్న బుడ్డి, బుడ్డికి పైన ఒక గీత, కింద ఒక గీత. సీరంను పై గీత దాటేదాకా పీల్చి వదిలేస్తాం. దాని మట్టం పై గీత దగ్గర ఉన్నప్పుడు స్టాప్‌వాచీ నొక్కుతాం, కింది గీతకు దిగాక మళ్లీ నొక్కుతాం. నీళ్లకు ఎంతసేపు పట్టింది, సీరంకు ఎంతసేపు పట్టింది, ఎన్ని రెట్లు? అదే జవాబు.

వినడానికి సులువే. చిక్కు ఏమిటంటే, గొట్టం మొత్తం ఒంటి వేడి దగ్గరే, నీళ్ల తొట్టిలో ఉండాలి. వేడి కాస్త పెరిగితే సీరం పలచబడుతుంది, తగ్గితే చిక్కబడుతుంది. పుస్తకాల్లో తొట్టిని ఎలా వెచ్చబెట్టాలో వివరంగా రాస్తారు. ఆ పుస్తకం రాసినవాళ్లు కర్నూలు మే నెల చూడలేదు. మా గదే ఒంటి కంటే వేడిగా ఉండేది. మేం తొట్టిని చల్లబరచాల్సి వచ్చేది, మట్టికుండలో నీళ్లు చెంబుతో కొద్దికొద్దిగా పోస్తూ. ఒక కన్ను థర్మామీటరు మీద, ఒక కన్ను గీత మీద, ఒక చేతిలో చెంబు, ఒక చేతిలో వాచీ. మామూలు సీరం త్వరగా దిగిపోతుంది కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. వన్నూరప్ప సీరం దిగదు. చూస్తూ చూస్తూ ఉండగా చూపు థర్మామీటరు వైపు మళ్లిందా, గీత దాటిపోయేది. గీత మీదే ఉంచానా, తొట్టి వేడెక్కిపోయేది. ప్రతిసారీ చాలా చిక్కన అనే వచ్చింది, కానీ ఏ రెండుసార్లూ ఒకే అంకె రాలేదు.

సుబ్బారావు గారు నా అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూసి తల అడ్డంగా ఊపారు.

"సార్, చిక్కన అన్నది మాత్రం ఖాయం కదా."

"నాకు ఖాయమే. ఆయన ఒప్పుకోడు. నేనే ఆయన స్థానంలో ఉంటే నేనూ ఒప్పుకోను. నువ్వు ఆ ఆడమనిషి గోడు విన్నావు. అది ఎవరి సీరమో నీకు తెలుసు. నీ బొటనవేలికి అతని మీద జాలి ఉందేమో, ఆలస్యంగా నొక్కుతోందేమో. కాదని ఎట్లా చెప్పగలవు?"

ఒళ్లు మండిపోయింది. "నా బొటనవేలు అబద్ధం చెప్పదు సార్."

"అబద్ధమని అన్లేదమ్మా. జాలి అన్నాను. జాలి లేని బొటనవేలు ఒకటి పట్టుకురా, సంతకం పెడతాను."

ఆయన తిట్టినట్టు అన్నారో, దారి చూపినట్టు అన్నారో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం రెండోదే అనుకున్నాను. జాలి లేని బొటనవేలు తయారు చేసి ఈయన బల్ల మీద పెట్టకపోతే నేను ఫిజిక్స్ చదివినట్టే కాదని అనుకుంటూ బయటికి నడిచాను.

ఖాదర్ సాయెబు పాత ఊళ్లో రేడియోలు బాగుచేసేవాడు. రెండు సినిమా హాళ్లలో సౌండు మెషిన్లు కూడా ఆయన చూసుకునేవాడు. మా ఆస్పత్రి ఫ్యాన్లకు వచ్చినప్పుడు పరిచయం. సినిమా రీలు అంచున శబ్దాన్ని వెలుగునీడల చారలుగా అచ్చు వేస్తారు. ప్రొజెక్టరులో ఒక దీపం ఆ చారల మీద పడుతుంది, అవతల ఫోటోసెల్ అనే చిన్న గాజుబుడ్డి ఆ వెలుగును కరెంటుగా మారుస్తుంది. వెలుగు మారితే కరెంటు మారుతుంది. నాకు కావలసిందీ అదే. గాజుగొట్టం నిండుగా ఉన్నప్పుడు వెలుగు ఒక తీరుగా దాటుతుంది, ఖాళీ అయ్యాక ఇంకో తీరుగా. పై గీత దగ్గర ఒక కన్ను, కింది గీత దగ్గర ఒక కన్ను పెడితే, సీరం దాటిన క్షణం అవే చెప్తాయి.

"నాకు రెండు ఫోటోసెల్‌లు కావాల సాయెబూ."

"దేనికమ్మా? ఆస్పత్రిలో సినిమా ఏస్తాండారా?"

"నెత్తురు చూసేదానికి."

ఆయన సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టి మొత్తం విన్నాడు. పేషెంటు పేరు చెప్పగానే కనుబొమలు ఎత్తాడు. "వన్నూరప్పా? మా దర్గా వన్నూరుస్వామి పేరు పెట్టుకున్నోడు. ఆ స్వామి పేరు పెట్టుకున్నోన్ని తాగినోడు అంటాండారా?" అని కాసేపు గొణిగాడు. తర్వాత పెట్టె కింది నుంచి రెండు వాడేసిన సెల్‌లు తీశాడు. "ఇవి సినిమాకు పనికిరావు. హీరో గొంతు బొంగురుపోతాది. మీ నెత్తురు పాట పాడదు గదా, సాలు."

వారం రోజులకు పైగా పట్టింది. ఖాళీ అయిన ఒక ఆఫీసు సామాన్లు వేలం వేస్తే సాయెబు ఎప్పుడో కొన్న కాలింగ్ బెల్లులు ఆయన దగ్గర పడి ఉన్నాయి. గంట విప్పేసి లోపలి అయస్కాంతాన్ని స్టాప్‌వాచీ నెత్తిన బిగించాం. కరెంటు వస్తే అది వాచీని ఒక్క దెబ్బ కొడుతుంది, టక్ అని. పై కన్ను చెప్పినప్పుడు ఒక దెబ్బ, వాచీ మొదలు. కింది కన్ను చెప్పినప్పుడు ఇంకో దెబ్బ, వాచీ ఆగుతుంది. మధ్యలో ఒక రేడియో వాల్వు సెల్‌ల బలహీనమైన కరెంటును పెంచుతుంది. నా పని ఇక తొట్టి వేడి చూసుకోవడమే.

మొదట్లో అది మమ్మల్ని ఏడిపించింది. మధ్యాహ్నం పిండిమిల్లులు తిరిగితే ఆస్పత్రిలో దీపాలు కుంగేవి, దీపం కుంగగానే వాచీ తనంతట తానే టక్ అనేది. సాయెబు లారీ బ్యాటరీ తెచ్చి దీపాలను దానికి తగిలించాడు. ఆ తర్వాత కిటికీలోంచి ఎండ పడి టక్ అనేది. "ఇది ఎండను గూడా సినిమా అనుకుంటాంది" అని సాయెబు తల పట్టుకున్నాడు. చెక్కపెట్టెకు లోపల మసి పూసి దాంట్లో అన్నీ దాచాం. రకరకాల చిక్కదనాల్లో చక్కెర పాకం చేసి పోసి చూశాం. ఒకే పాకాన్ని ఎన్నిసార్లు పోసినా దాదాపు ఒకే సమయం వచ్చింది. ఆ రోజు సాయెబు పెట్టెకు మూత బిగించాడు.

ఈలోగా వన్నూరప్ప మత్తు పెరిగింది. పేరు పిలిస్తే పలకడానికి ఆలస్యమయ్యేది. ఒక పోలీసు జవాను వచ్చి ఎక్కడ తాగావని అడిగి, జవాబు రాక హనుమక్క మీద అరిచి వెళ్లాడు. సారా కేసుకు చేయగలిగింది అయిపోయింది, ఇక ఇంటికి పంపేయండి అన్న మాట కూడా వార్డులో వినబడింది.

ఆ మాట విన్న రోజే సూపరింటెండెంటు గారు లాబ్‌కు వచ్చారు. బ్యాటరీ, వైర్లు, మసిపెట్టె చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమిటిది? లాబా, సినిమా హాలా? ఈ సామానంతా సాయంత్రానికల్లా తీసేయించండి."

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఇది వన్నూరప్ప సీరం కొలిచేందుకు పెట్టింది. ఆ పేషెంటుకు ఈ పరీక్ష చేయవద్దని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. వెంటనే తీసేస్తాను."

ఆ ఆస్పత్రిలో ఆయనను కాగితం అడిగినవాళ్లు అంతకు ముందు ఉన్నారో లేదో నాకు తెలియదు. ఒక టెక్నీషియన్, అందులోనూ ఆడపిల్ల, అడగడం మాత్రం అదే మొదలు. ఆయన ముఖం ఎర్రబడింది. సుబ్బారావు గారు కుర్చీలోంచి లేవకుండానే, ఏమీ జరగనట్టు, "రేపు పొద్దున మీరే వచ్చి చూడండి సార్. పని చెయ్యకపోతే నేనే దగ్గరుండి పీకిస్తాను" అన్నారు.

"రేపే ఆఖరు" అని ఆయన వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున సూపరింటెండెంటు గారు ఇద్దరు డాక్టర్లను వెంటబెట్టుకుని వచ్చారు. సాయెబు తెల్లటి ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. హనుమక్కను ఎవరూ పిలవలేదు, కానీ గుమ్మం దగ్గర ఉంది. పొమ్మన్నా పోలేదు.

ముందు నీళ్లు పోశాం. టక్. కాసేపటికి టక్. తర్వాత నా సొంత రక్తం లోంచి తీసిన సీరం. టక్, ఇంకాస్త ఎక్కువ సేపటికి టక్. డాక్టర్లలో ఒకాయన "బాగుందే" అన్నాడు. అప్పుడు వన్నూరప్ప సీరం పోశాను. టక్ అని వాచీ మొదలైంది.

తర్వాత ఏ చప్పుడూ లేదు.

నేను తొట్టిలో నీళ్లు పోస్తూ, థర్మామీటరు చూస్తూ ఉన్నాను. నీళ్లకు పట్టినంత సేపు గడిచింది. నా సీరంకు పట్టినంత సేపూ గడిచింది. డాక్టర్లు బరువు ఈ కాలి మీది నుంచి ఆ కాలి మీదికి మార్చుకున్నారు. సూపరింటెండెంటు గారు తన చేతివాచీ చూసుకున్నారు.

"మీ సినిమా ఆగిపోయిందమ్మా" అన్నారు. ఎవరో నవ్వారు. "సుబ్బారావు గారూ, ఈ సామాను సంగతి చూడండి." అంటూ ఆయన వెళ్లిపోయారు. ఆయన వెనక మిగతా ఇద్దరూ వెళ్లిపోయారు.

సాయెబు ముఖం పాలిపోయింది. "కింది సెల్ సచ్చినట్టుందమ్మా" అని స్విచ్చు ఆపడానికి చెయ్యి చాపాడు. సుబ్బారావు గారు ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఆగవయ్యా."

ఆయన పెట్టె మూత కొద్దిగా, వెలుగు పడకుండా ఎత్తి, భూతద్దం పెట్టి లోపలికి చూశారు. చాలాసేపు చూశారు. గుమ్మం దగ్గర నుంచి హనుమక్కే అడిగింది. "ఏమైతాంది సామీ?"

"దిగుతోందమ్మా. ఇంకా దిగుతూనే ఉంది."

మేం ముగ్గురం, గుమ్మంలో ఆమె, నలుగురమూ కదలకుండా నిలబడ్డాం. నా చెంబులోని నీళ్లు అయిపోతే హనుమక్క చెప్పకుండానే కుండలో ముంచి అందించింది. చివరికి, ఇక వినబడదేమో అనుకుంటున్నప్పుడు, ఆ చిన్న ఇనుపముక్క వాచీని కొట్టింది. టక్.

సుబ్బారావు గారు వాచీ చూశారు. భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "మళ్లీ పొయ్యి" అన్నారు.

మళ్లీ పోశాను. మళ్లీ అంతే సేపు. ఇంకోసారి పోశాను. అంతే. మంచి సీరం చిక్కదనం నీళ్లకు రెండు రెట్ల లోపే ఉంటుంది. ఇది దానికి కొన్ని రెట్లు మీద. మెషిన్ చెడిపోలేదు. వెళ్లిపోయినవాళ్లకు ఆ సీరం దిగేదాకా ఆగే ఓపిక లేకపోయింది, అంతే.

ఆయన రిపోర్టు రాసి, సంతకం పెట్టి, తనే తీసుకుని సూపరింటెండెంటు గదికి వెళ్లారు. లోపల గట్టిగా మాటలు వినబడ్డాయి. బయటికి వచ్చి, "చేసుకోండి, బాధ్యత మీదే అన్నాడు" అని చెప్పారు. ఆయన ముఖంలో నేను మొదటిసారి చూసిన సంతోషం అది.

చికిత్స ఏమిటంటే, రక్తం ఒక సీసాడు తీసి, గడ్డకట్టకుండా మందు కలిపి, ఎర్రకణాలు అడుక్కు దిగేదాకా ఉంచడం. పైన తేలిన చిక్కటి ప్లాస్మాను, అంటే పసుపు తేటను, తీసి పారేయడం. మిగిలిన ఎర్రకణాలకు శుద్ధి చేసిన ఉప్పునీరు కలిపి అతనికే తిరిగి ఎక్కించడం. మా ఆస్పత్రిలో ఎవరూ చేసిన పని కాదు. సీసాలో సూక్ష్మజీవి చేరినా, గాలిబుడగ పోయినా మనిషి దక్కడు. సుబ్బారావు గారు ఆ సంగతి దాచకుండా హనుమక్కకు చెప్పారు.

"ఎర్రది మళ్లీ ఎక్కిస్తారా?"

"ఎక్కిస్తాం."

"ఎవరిది?"

"అతనిదే."

"ఇట్ల పెట్టుకున్యా సచ్చిపోతాడు. తాగినోడు అనిపించుకోని సచ్చిపోతాడు. చేయండి సామీ."

ప్రతిసారీ తీసిన తర్వాత కొత్త సీరం నా పెట్టెలోకి వచ్చేది. చేత్తో అయితే అన్నిసార్లు అంత నిక్కచ్చిగా కొలవగలిగేదాన్ని కాదు. మొదటి సీసా తర్వాతే సమయం బాగా తగ్గింది. ఈ ప్రోటీనుతో వచ్చిన విచిత్రం అదే, కొంచెం తీస్తే చాలు, చిక్కదనం చాలా దిగిపోతుంది. రెండోసారి, మూడోసారి ఇంకా దిగింది. ఏ రోజు తీయాలి, ఏ రోజు మనిషికి విశ్రాంతి ఇవ్వాలి అన్నది సుబ్బారావు గారు ఆ టక్ చప్పుడును బట్టే నిర్ణయించేవారు. చిగుళ్ల నుంచి రక్తం ఆగింది. మత్తు విడిచింది. వన్నూరప్ప మంచం మీద లేచి కూర్చుని అన్నం అడిగాడు.

తర్వాత ఒక ఉదయం రౌండ్స్‌లో సూపరింటెండెంటు గారు ఆ మంచం దగ్గరికి వచ్చారు. నేను పక్క మంచం దగ్గర రక్తం తీస్తున్నాను. వన్నూరప్ప కళ్లు చికిలించి, ఆయనను పైనుంచి కిందిదాకా చూశాడు.

"సామీ, నన్ను తాగినోడు అనింది నువ్వేనా? అప్పుడు గొంతు ఇన్యా, మొగం కనపడల్యా. ఇప్పుడు కనపడతాండాది."

సూపరింటెండెంటు గారు మంచానికి ఇంకాస్త దగ్గరికి జరిగారు.

"నేనేనప్పా" అన్నారు.

"నేను తాగల్యా సామీ."

"తెలిసింది."

హనుమక్క అక్కడితో వదల్లేదు. "తెలిస్తే సాలదు సామీ. కాగితం మీద రాసినారు గదా. ఆ రాత కొట్టెయ్యల్ల. పోలీసాయప్ప మా ఊరికి గూడా పోయి అందరి ముందర అడిగినాడంట. మా పిల్లోల్లకు ఆ మాట అంటుకుంటాది."

ఆయన కేస్ షీట్ తెప్పించుకుని, అక్కడే నిలబడి, తన చేత్తో ఆ వాక్యం కొట్టేసి, కొత్త జబ్బు పేరు రాసి సంతకం పెట్టారు. పోలీసులకు కూడా రాయమని గుమాస్తాకు చెప్పారు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు, ఆ రోజూ, ఆ తర్వాత చాలా రోజులూ. కానీ పెట్టెను తీసేయమని మళ్లీ అనలేదు. కొన్నాళ్లకు వేరే వార్డు నుంచి ఒక సీరం సీసా వచ్చింది. చీటీ మీద ఆయన సంతకం, కింద ఒకే మాట: విస్కాసిటీ. క్షమాపణగా తీసుకోవాలా, హుకుంగా తీసుకోవాలా అని ఆలోచించలేదు. సీరం పోసి వాచీ చూశాను.

వన్నూరప్పకు జబ్బు నయం కాలేదు. అది నయమయ్యే జబ్బు కాదు, ఆ రోజుల్లో అసలే కాదు. రక్తం మళ్లీ చిక్కబడేది, అతను మళ్లీ వచ్చేవాడు, మేం మళ్లీ తీసేవాళ్లం. మధ్యలో పంట వేసుకున్నాడు, కూతురి పెళ్లి తన కళ్లతో చూసుకున్నాడు. ఆ తర్వాత రావడం మానేశాడు.

ఒకరోజు హనుమక్క ఒంటరిగా వచ్చింది. ఆలూరు నుంచి బస్సులో, ఆ ఎండలో, కేవలం ఒక మాట చెప్పడానికి. లాబ్ గుమ్మంలో నిలబడింది. నొసట బొట్టు లేదు. నేను లేచి దగ్గరికి వెళ్లాను.

"పోయినాడు పాపా" అంది. ఏడవలేదు. "జ్వరమొచ్చి రెండు దినాల్లో పోయినాడు. ఊరంతా వచ్చినారు. ఎవరూ తాగి పోయినాడు అన్ల్యా. రోగమొచ్చి పోయినాడు, పాపం మంచోడు అన్యారు. నీకు చెప్పల్లనిపించింది."

కూర్చోమన్నాను. కూర్చోలేదు, బస్సుకు వేళైంది.

తర్వాత నేను చాలామందికి లాబ్ పని నేర్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు, డాక్టరు గారు నా రిజల్టు తప్పంటే ఏం చేయాలని. నేను చెప్పేది ఒకటే. కొలిచే తీరులో తప్పుందంటే వినండి, సిగ్గుపడకుండా తీరు మార్చండి, ఇంకా కచ్చితమైనది కనిపెట్టండి. కానీ అంకె నచ్చలేదు కాబట్టి అంకె మార్చమంటే, ఎంత పెద్దవాళ్లు చెప్పినా, మార్చకండి. అవతలి మంచం మీద ఉన్నవాళ్లకు తమ గురించి నిజం చెప్పుకునే నోరు ఉండకపోవచ్చు, ఉన్నా వినేవాళ్లు ఉండకపోవచ్చు. వాళ్ల తరఫున మాట్లాడగలిగింది ఆ గదిలో మీ చేతిలోని ఆ అంకె ఒక్కటే అయినప్పుడు, దాన్ని వదిలి పక్కకు జరగకండి. మిమ్మల్ని జరపాలనుకున్నవాళ్లే కాగితం రాసి సంతకం పెట్టనివ్వండి.

ఇన్నేళ్లలో అలా రాసిచ్చినవాళ్లను నేను ఒక్కరిని కూడా చూడలేదు.